గాలివాటమా, దారి ఎంపికా? శరత్తులో మొన మీదికి చేరే పక్షుల గురించి తేలినవీ తేలనివీ

సెప్టెంబరు చివర్లో వాయవ్యం నుంచి చల్లటి పొడిగాలి వీచిన మర్నాడు కేప్ మే మీద ఆకాశం డేగలతో నిండిపోతుంది. అమెరికా తూర్పు తీరంలో న్యూజెర్సీ రాష్ట్రం దక్షిణానికి పోనుపోను సన్నబడి, ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క డెలావేర్ అఖాతం ఒత్తుతుండగా మొన తేలిన చోటది. లైట్‌హౌస్ దగ్గర చెక్కలతో కట్టిన మంచె ఉంది. ఆ సీజనంతా రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు దాని మీదికెక్కి, దాటిపోయే ప్రతి డేగనూ గుర్తుపట్టి రాసుకుంటారు. అదే చోట రెండు రోజుల తర్వాత గాలి దక్షిణానికి మళ్ళిందంటే సాయంత్రం దాకా మెడ ఎత్తి చూసినా లెక్క పుస్తకంలో పేజీ నిండదు. మొన్న వేలల్లో వచ్చినవి ఇవాళ ఏమయ్యాయి?

వినడానికి చిన్న ప్రశ్నే. దీని చుట్టూ నూరేళ్ళకు పైగా వాదం నడుస్తోంది. పక్షులను గాలి అక్కడికి తోసుకొస్తోందా, లేక అవే ఆ దారి ఎంచుకుంటున్నాయా అన్నది మొదటి పేచీ. మొన మీద వేసిన లెక్క పక్షుల సంఖ్యకు కొలతా, లేక ఆ రోజు గాలికి కొలతా అన్నది రెండోది, బరువైనది. మొదటిది తేలకుండా రెండోది తేలదు. ఈ రెండింటినీ విడివిడిగా వాదించడం వల్లే చిక్కు ఇంతగా పెరిగిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తుపాకుల వరస నుంచి లెక్క పుస్తకానికి

మొన మీద డేగల కోసం మొదట కాచుకున్నది వేటగాళ్ళు. 1920ల్లో, 30ల తొలినాళ్ళలో వాయవ్యపు గాలి వీచిన రోజున కేప్ మేలో రోడ్డు పక్కన తుపాకులు పట్టుకుని వరసగా నిలబడేవారు. ఏ గాలికి డేగలు వస్తాయో శాస్త్రజ్ఞుల కంటే ముందు వాళ్ళకే తెలుసు. కోళ్ళనెత్తుకుపోయే దొంగలన్న పేరు డేగలకు ఎలాగూ ఉంది కాబట్టి అడిగేవారు లేరు. కొందరు వండుకు తినేవారు కూడా. 1935లో పక్షుల రక్షణకు పాటుపడే ఆడబన్ సంఘం అక్కడి అడవి ముక్కను రక్షిత స్థలంగా చేసి, కేప్ మే పక్షుల మీద జీవితకాలం పనిచేసిన విట్మర్ స్టోన్ పేరు పెట్టింది. కాపలాకి వచ్చిన రాబర్ట్ అలెన్ దాటిపోయే డేగలను లెక్కపెట్టాడు. ఆ లెక్కల ఆధారంగా అలెన్, రోజర్ టోరీ పీటర్సన్ కలిసి 1936లో ‘ఆక్’ పత్రికలో రాసిన వ్యాసంతో తీరానికీ డేగలకీ ఉన్న సంబంధం మీద చర్చ పద్ధతిగా మొదలైంది. అంతకు రెండేళ్ళ ముందే, 1934లో, పెన్సిల్వేనియాలో డేగలను కాల్చే ఒక కొండను రోసలీ ఎడ్జ్ అనే ఆవిడ లీజుకు తీసుకుని తుపాకులను ఆపించింది. అదే హాక్ మౌంటెన్. కేప్ మేలో ఏటా తప్పకుండా సాగే లెక్క 1976లో పీట్ డన్‌తో మొదలై, సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 దాకా ఇప్పటికీ నడుస్తోంది.

ఐరోపాలో దీనికి జోడు స్వీడన్ నైరుతి కొసన ఉన్న ఫాల్‌స్టర్‌బో. అక్కడ గుస్టాఫ్ రూడెబెక్ 1940ల్లోనే దాటే పక్షులను లెక్కించాడు. 1973 నుంచి ఆగస్టు 1 – నవంబరు 20 మధ్య ఒకే పద్ధతిలో లెక్క సాగుతోంది. డేగలతో పాటు చాఫించ్ వంటి పిచ్చుకంత పక్షులు అక్కడ లక్షల్లో దాటుతాయి.

గాలి తోసుకొచ్చిందన్న పక్షం

గాలివాటం వాదానికి పుట్టిల్లు స్కాట్లాండ్. ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఐల్ ఆఫ్ మే అనే చిన్న దీవిలో ఏళ్ళ తరబడి వలస పక్షులను గమనించిన ఇద్దరు స్త్రీలు, లియొనోరా రిన్‌టౌల్, ఎవ్లిన్ బాక్స్‌టర్, 1918లో ఒక మాట అన్నారు. బ్రిటన్ తూర్పు తీరంలో శరత్తులో దిగే పక్షుల్లో చాలా భాగం అటు రావాలని బయలుదేరినవి కావు, స్కాండినేవియా నుంచి దక్షిణానికి పోతుంటే తూర్పు గాలి పక్కకు నెట్టినవి అని. అప్పటిదాకా ఆ తీరమే పక్షుల రహదారి అనుకునేవారు. 1948లో ఫెయిర్ ఐల్ పక్షి కేంద్రానికి బాధ్యుడిగా వెళ్ళిన కెనెత్ విలియమ్సన్ ఈ ఆలోచనను వాతావరణ పటాలతో జోడించి, ఏ పీడనం ఎక్కడ ఉన్న రోజున ఏ పక్షులు దిగాయో వరసపెట్టి చూపించాడు. కేప్ మే విషయంలో అలెన్, పీటర్సన్ చెప్పిందీ ఈ కుదురుకు చెందినదే. చల్లగాలి వాయవ్యం నుంచి వీచినప్పుడు లోతట్టు నేల మీద పోతున్న డేగలు తూర్పుకు జరిగి తీరానికి వచ్చి పడతాయి. మిషిగన్ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న సీడర్ గ్రోవ్‌లో ముల్లర్, బర్గర్ 1960ల్లో పడమటి గాలికి ఇదే జరుగుతుందని గమనించారు.

ఈ వాదంలోని కీలకం మన రేవుల్లో కనిపిస్తుంది. గోదావరి దాటించే పడవవాడు అవతలి రేవుకేసి తిన్నగా పడవ పెట్టడు. ప్రవాహం దిగువకు లాగుతుందని తెలుసు కనుక ముక్కు ఎగువకు తిప్పి, ఏటవాలుగా నడిపి, సరిగ్గా రేవులో దించుతాడు. ఆ మెలకువ లేనివాడి పడవ రేవు తప్పి ఎక్కడో దిగువన ఒడ్డెక్కుతుంది. అడ్డంగా వీచే గాలిలో పక్షిదీ ఇదే పరిస్థితి. పక్షి పడవవాడా, మెలకువ తెలియనివాడా అన్నదే ఇక్కడి తగాదా.

తీరమే దారి చూపిందన్న పక్షం

రెండో పక్షానికి గాలి కంటే నేల ముఖ్యం. జర్మనీకి చెందిన గెయర్ ఫాన్ ష్వెపెన్‌బుర్గ్ వాడుకలోకి తెచ్చిన ‘దారి గీత’ అనే భావన దీనికి మూలం. నది, కొండ వరస, తీరం వంటి గీత అడ్డం వస్తే పక్షి దాన్ని దాటకుండా దాని వెంట మళ్ళుతుంది. అలా విశాలమైన నేల మీద చెదురుగా పోతున్నవన్నీ గరాటులో పోసినట్టు మొన దగ్గర ఒక్కటవుతాయి. ఇందులో పక్షికి బలవంతం ఏమీ లేదు, ముందు నీళ్ళు కనిపించి ఆలోచించుకుంటోంది, అంతే.

ఆ ఆలోచన జాతిని బట్టి మారుతుందని 1980ల్లో కేప్ మేలో రాడార్‌తో పనిచేసిన పాల్ కెర్లింజర్ వివరంగా చూపించాడు. బైరి డేగ, చేపలు పట్టే ఆస్ప్రే వంటివి రెక్కలాడిస్తూ ఎగిరే బలం ఉన్నవి. నీళ్ళు వాటికి లెక్క కాదు. వెడల్పు రెక్కలతో నేల నుంచి లేచే వేడిగాలి మీద తేలుతూ పోయేవి నీళ్ళ మీద ఆ ఆసరా దొరకదు కనుక వెనకాడతాయి. ఈ రెండింటికీ మధ్యన ఉన్నది కేప్ మేలో అత్యధికంగా కనిపించే షార్ప్‌షిన్డ్ హాక్. మన జాలె డేగకు దగ్గర చుట్టం, దాదాపు అంతే ఒడ్డూ పొడుగూ. గాలి నెమ్మదిగా ఉండి అవతలి ఒడ్డు కనిపిస్తే దాటుతుంది. లేదంటే మొన దాకా వచ్చి, వెనుదిరిగి, అఖాతం ఒడ్డు వెంట ఉత్తరంగా పోయి, వెడల్పు తక్కువైన చోట దాటుతుంది.

మూడో పక్షం రాడార్‌తో బలపడింది. దానికి ముఖ్యం పక్షి రాక కాదు, అది మన కంటికి కనిపించడం. డేవిడ్ లాక్ 1950ల చివర్లో ఇంగ్లండ్ తూర్పు తీరంలో రాడార్ తెరల మీద చూసినదానికీ, ఒడ్డున నిలబడి బైనాక్యులర్లతో చూసినదానికీ ఎక్కడా పొంతన లేదు. పైన భారీగా వలస సాగుతున్న రోజున కింద ఆకాశం ఖాళీగా ఉంటోంది. ఎదురుగాలిలో పక్షులు కిందికి దిగి నేల వాలున ఎగురుతాయనీ, వెనక నుంచి గాలి వీస్తే కంటికందనంత ఎత్తుకు పోతాయనీ డచ్ పరిశీలకులు చాఫించ్‌ల విషయంలో అప్పటికే చూపించి ఉన్నారు. స్వీడన్‌లో థామస్ అలెర్‌స్టామ్ 1978లో ఈ ముక్కలన్నీ చేర్చి, కంటికి కనిపించే వలస ఎప్పుడు ఎందుకు కనిపిస్తుందో ఒక సిద్ధాంతంగా కూర్చాడు. ఇక్కడితో గాలికి ఇంకో వేషం వచ్చింది. పక్షిని పక్కకు నెట్టడమే కాదు, దాన్ని మన కంటి ఎత్తుకు దించేది, మన కంటికి అందకుండా చేసేది కూడా గాలే. ఎండ కాసిన మధ్యాహ్నం మంచె మీద ఒక్కసారిగా సద్దుమణిగే మాట లెక్క రాసేవారందరికీ అనుభవమే. అప్పుడు డేగలు ఆగిపోలేదు, వేడిగాలి మీద చుక్కంత ఎత్తుకు ఎక్కిపోయాయి.

కుర్రపక్షులు

మొదటి రెండు పక్షాలూ కొన్నాళ్ళు ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకున్నాయి. వాదాన్ని మలుపు తిప్పింది పక్షి వయసు.

మొన మీద డేగ తల మీదుగా పోతున్నప్పుడు దాని రొమ్ము చూస్తే వయసు తెలిసిపోతుంది. పెద్ద షార్ప్‌షిన్డ్‌కు వీపు పలకరంగు, కన్ను ఎరుపు, రొమ్మున ఇటుకరంగు అడ్డచారలు. ఆ ఏడాదే గూడు దిగినదానికి వీపు గోధుమరంగు, కన్ను పసుపు, రొమ్మున గీసినట్టు నిలువు చారలు. (జాలె డేగ పిల్లకూ ఇలాగే నిలువు గీతలుంటాయి, మన ఊళ్ళలో చూసి నేర్చుకోవచ్చు.) కేప్ మే తీరాన దాటేవాటిలో అత్యధికం ఈ నిలువు చారలవి. చిన్న పాటపక్షుల విషయంలోనూ ఇంతే. తీరం దగ్గర కట్టిన వలల్లో నూటికి ఎనభై, తొంభై ఆ ఏటి పిల్లలే పడతాయి. లోతట్టున అలా ఉండదు. దీన్ని ‘తీర ప్రభావం’ అంటారు. 1981లో సి. జాన్ రాల్ఫ్, ఈ నిష్పత్తిని బట్టే ఒక జాతి అసలు దారి ఎటో పట్టవచ్చని వాదించాడు. పెద్దపక్షులు ఎక్కువున్న చోటు అసలు దారి, కుర్రవి ఎక్కువున్న చోటు దారి అంచు.

కుర్రవే ఎందుకు? దీనికి జవాబు డచ్ శాస్త్రజ్ఞుడు పెర్డెక్ 1958లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. వలస దారిలో ఉన్న స్టార్లింగ్‌లను, అంటే మన గోరింకల కుటుంబం వాటిని, హేగ్ దగ్గర 11,000కు పైగా పట్టి, కాళ్ళకు రింగులు తొడిగి, విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్ళి వదిలారు. పెద్దవి దిశ మార్చుకుని, ఏటా చలికాలం గడిపే ఉత్తర ఫ్రాన్స్, దక్షిణ ఇంగ్లండ్‌ల వైపు సాగాయి. కుర్రవి పాత దిశలోనే పోయి దక్షిణ ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో తేలాయి. వాటికి దిక్కు తెలుసు, చోటు తెలియదు. 2003లో కాస్పర్ తోరుప్, అలెర్‌స్టామ్ తదితరులు స్వీడన్ ఆస్ప్రేలకూ హనీ బజార్డ్‌లకూ ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినప్పుడూ ఇదే కనిపించింది. పెద్దవి అడ్డగాలిని సరిదిద్దుకున్నాయి, కుర్రవి గాలివాటాన పోయాయి. నదిని ఇదివరకు దాటిన పడవవాడూ, మొదటిసారి తెడ్డు పట్టినవాడూ ఒకే నీళ్ళ మీద ఉన్నారన్నమాట. రిన్‌టౌల్, బాక్స్‌టర్ 1918లో ఊహతో చెప్పినదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఎవరూ కోరలేరు. అయితే అది కుర్రపక్షులకే వర్తించే సాక్ష్యం అన్నది మరువరాదు.

తెల్లారగానే వెనక్కి

మొన మీద అన్నిటికంటే వింతగా తోచే దృశ్యం డేగలది కాదు. వార్బ్లర్ల వంటి గుప్పెడంత పక్షులు రాత్రిపూట వలస పోతాయి. శరత్తులో అవి దక్షిణానికి పోవాలి. కానీ కేప్ మేలో అఖాతం వైపున్న హిగ్‌బీ బీచ్ గట్టు మీద నిలబడితే, తూరుపు తెల్లబడగానే అవి పొదల ఎత్తున, గాలికి ఎదురుగా, ఉత్తరానికి ఎగిరిపోతూ కనిపిస్తాయి. పసుపు మెరుపు ఒకటి కనిపించేలోగా దాటిపోతుంది. పేరు పెట్టగలిగితే అదృష్టం. 1992లో వైడ్‌నర్, కెర్లింజర్ బృందం ఈ ఉదయపు పరుగును కొలిచి చూపించింది.

దీనికి మూడు వివరణలున్నాయి. రాత్రి గాలి సముద్రం వైపు నెట్టేసింది కాబట్టి తెల్లారాక వెనక్కొచ్చి సరిచేసుకుంటున్నాయన్నది ఒకటి. మొన మీద తిండి, నీడ చాలక లోపలికి వెతుక్కుంటూ పోతున్నాయన్నది రెండోది. ఎదుట నీళ్ళు చూసి దాటడానికి జంకుతున్నాయన్నది మూడోది. ఫాల్‌స్టర్‌బోలో రింగు తొడిగిన చిన్న పక్షులు కొన్ని ఆ తర్వాత ఉత్తరాన లోతట్టున దొరకడం రెండో వివరణకు బలం. కొవ్వు పట్టని పక్షి నీళ్ళు దాటే ముందు వెనక్కి వెళ్ళి మేయడం సహజమే. 2015లో వాన్ డోరెన్ బృందం ఈశాన్య అమెరికాలో ఉదయపు పరుగుకూ, అంతకు ముందు రాత్రి పై గాలులకూ ఉన్న సంబంధాన్ని చూపడంతో మొగ్గు మొదటి వివరణ వైపు వచ్చింది. మరుసటి ఏడాది కైల్ హోర్టన్ బృందం వాతావరణ రాడార్లతో, రాత్రి వలస పక్షులు లోతట్టున గాలివాటాన పోతాయనీ, సముద్రం దగ్గరపడిన కొద్దీ ఎక్కువగా సరిదిద్దుకుంటాయనీ తేల్చింది. అంటే గాలివాటం పూర్తిగా పొరపాటు కాదు, కొంత వరకు ఖర్చు తగ్గించుకునే ఉపాయం కూడా.

పక్కపక్కన పెడితే

గాలివాటం పక్షం కుర్రపక్షుల పెద్ద వాటాను, చల్లగాలి మర్నాటి వెల్లువను బాగా వివరిస్తుంది. తీరం దాకా వచ్చాక పక్షులు ఏం చేస్తాయన్నది దాని చేతిలో లేదు. దారి గీత పక్షం మొన దగ్గర కుదురుకోవడాన్ని, జాతికీ జాతికీ తేడాను వివరిస్తుంది. ఒకే మొన మీద పెద్దవి తక్కువగా, కుర్రవి ఎక్కువగా ఎందుకుంటాయో చెప్పలేదు. మూడోది, కనిపించడం మీద నిలిచిన పక్షం, ఈ రెండింటినీ హెచ్చరిస్తుంది: మీరు వివరిస్తున్నది పక్షుల రాకనా, మీ కంటికి అవి దొరకడాన్నా? ముగ్గురిలో ఈ మూడోవారి మాటకే తగినంత మర్యాద దక్కలేదు.

ఇక తీరం అంటే గాలి తెచ్చి పారేసిన చోటే అనుకునేవారికి బ్లాక్‌పోల్ వార్బ్లర్ ఒక పాఠం. పన్నెండు గ్రాముల ఈ పక్షి శరత్తులో ఈశాన్య తీరానికి ఎందుకు చేరుతుందన్నది దశాబ్దాల వివాదం. 2015లో వాటి వీపున కట్టిన చిన్న పరికరాలు గుట్టు విప్పాయి. అవి కావాలనే అక్కడికి వచ్చి, కొవ్వు పట్టి, అట్లాంటిక్ మీద 2,270 నుంచి 2,770 కిలోమీటర్లు రెండు మూడు రోజుల్లో ఆగకుండా ఎగిరి కరీబియన్ దీవుల్లో దిగాయి. తీరం వాటికి అంచు కాదు, గట్టు. అక్కడి నుంచే దూకాలి.

ఆ అంకె దేనికి కొలత?

ఇంత గాలి, ఇంత నేల, ఇంత వయసు కలగలిసిన అంకెను పట్టుకుని ఒక జాతి పెరిగిందనో తరిగిందనో ఎలా చెప్పడం? అయినా చెప్పారు, చాలాసార్లు సరిగ్గానే చెప్పారు. 1962లో రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’లో హాక్ మౌంటెన్ లెక్కలు వాడుకుంది. 1935–39 మధ్య అక్కడ దాటిన బాల్డ్ ఈగిల్ గద్దల్లో 40 శాతం కుర్రవి. 1955–59కి అవి 20 శాతానికి పడిపోయాయి. ఆమె ఎంచుకున్నది మొత్తం కాదు, నిష్పత్తి. ఒక ఏడాది గాలి మొత్తాన్ని తారుమారు చేసినా, ఇరవై ఏళ్ళలో కుర్రవాటి వాటా సగానికి పడిందంటే గూళ్ళలో ఏదో జరిగింది. ఆ ఏదో డీడీటీ అనే పురుగుమందు. అమెరికా 1972లో దాన్ని నిషేధించాక బైరి డేగ కోలుకున్న కథ కేప్ మే పుస్తకాల్లో అంకెలుగా ఉంది. 2002 అక్టోబరు 5న ఒక్కరోజే అక్కడ 298 బైరి డేగలు దాటాయి. ఆ జాతిని అంతకు మూడేళ్ళ ముందే ఆపదలో ఉన్నవాటి జాబితా నుంచి తీసేశారు. ఫాల్‌స్టర్‌బో లెక్కలను 1942 నుంచి 1997 దాకా కలిపి చూసిన షెలెన్, రూస్ స్వీడన్ గద్దజాతుల హెచ్చుతగ్గులు అందులో నమ్మదగ్గట్టు కనిపిస్తాయని 2000లో చూపారు.

దెబ్బతిన్న సందర్భమూ ఉంది. 1980ల చివరి నుంచి తూర్పు తీరపు లెక్కల్లో షార్ప్‌షిన్డ్ తగ్గుతూ వచ్చింది. జాతి కుంగిపోతోందన్న భయం పుట్టింది. 1996లో హాక్ మౌంటెన్ పరిశోధకులు చలికాలంలో క్రిస్మస్ రోజుల్లో సాగే పక్షి లెక్కలు తీసి చూస్తే, ఉత్తరాన అవే డేగలు పెరుగుతున్నాయి. పెరళ్ళలో జనం పిట్టలకు గింజలు వేస్తుంటే, ఆ పిట్టలను తింటూ డేగలు కొన్ని అక్కడే ఆగిపోతున్నాయన్నమాట. మొన లెక్క అబద్ధం చెప్పలేదు. దక్షిణానికి పోయేవి తగ్గాయని చెప్పింది. మొత్తం తగ్గాయని మనం విన్నాం. ఒక మొన లెక్కను ఇంకో లెక్కతో జోడించకుండా చదవరాదనడానికి ఈ వివాదం కంటే మంచి రుజువు లేదు. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 1970 నుంచి ఉత్తర అమెరికాలో సుమారు 290 కోట్ల పక్షులు తగ్గాయని చెప్పినప్పుడూ నేల మీది లెక్కలకు వాతావరణ రాడార్లను తోడు తెచ్చుకుంది.

కోడియక్కరై వైపు

మన తూర్పు తీరంలో ఇలాంటి మొన తమిళనాడులోని కోడియక్కరై. ఎదురుగా పాక్ జలసంధి, దాని అవతల శ్రీలంక. 1959లో సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మొదలుపెట్టిన రింగుల పథకానికి తర్వాత ఇది ముఖ్య కేంద్రమైంది. 1967లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేల. ఇక్కడి సమస్య వేరు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం తెచ్చే గాలి, వాన, తుపాను ఒకేసారి దిగుతాయి. ఉల్లంకుల వంటి ఒడ్డు పిట్టలు ఉప్పుకయ్యల కోసం వచ్చి ఇక్కడే ఆగుతాయి. పొన్నంగి పిట్ట వంటి అడవి పక్షులు ఇంకా దక్షిణానికి పోతాయి. ఆగేవీ సాగేవీ ఒకే చోట కలిసినప్పుడు దాటిన సంఖ్య తీయడం కేప్ మే మంచె మీదంత తేలిక కాదు. అందుకే ఇక్కడ రింగుకు, వలకు ఇచ్చిన ప్రాధాన్యం సరైనదే. దాని పక్కన, గాలి దిశనూ పక్షి వయసునూ రాసే రోజువారీ లెక్క కూడా ఉంటే రెండు పద్ధతులూ ఒకదాన్నొకటి సరిచూస్తాయి. పులికాట్ నుంచి విశాఖ దాకా ఉన్న మన తీరపు పక్షి ప్రియులకు ఇది చేతికందే పని. న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువాళ్ళకైతే కేప్ మే మంచె ఎడిసన్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు దూరమే.

వేట చరిత్ర కూడా ఒకలాంటిదే. 2012లో నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర అముర్ ఫాల్కన్‌లను వలలతో వేలల్లో పట్టి చంపడం బయటపడింది. ఏడాది తిరిగేలోగా ఆ ఊళ్ళ జనమే వాటికి కాపలాదారులయ్యారు. 2013 నవంబరులో ట్రాన్స్‌మిటర్లు కట్టిన పక్షులకు నాగా, వోఖా, పాంగ్తి అని అక్కడి పేర్లే పెట్టారు. కేప్ మే తుపాకుల వరసను ఆపడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఇది గొప్ప వేగం.

తేలని ముడులు

కుర్రపక్షి మొదటి ప్రయాణంలో చేసిన తప్పు నుంచి నేర్చుకుని రెండో ఏడాది దిద్దుకుంటుందా, లేక తప్పు చేసినవి చచ్చిపోయి, గాలికి లొంగని రకమే బతికి పెద్దదవుతుందా? రెండు దారుల్లోనూ మనకు కనిపించేది ఒకటే: మెలకువ ఉన్న పెద్దపక్షి. కానీ తీరపు పొదల విలువ దీని మీదే ఆధారపడి ఉంది. నేర్చుకునేదే అయితే మొన మీది చెట్టూ చేమా దానికి బడి. దాన్ని నరికి ఇళ్ళు కట్టడం బడిని కూల్చడమే. గాలే ఏరేస్తుంటే ఆ పొదల్లో చేరేవాటిలో చాలావాటికి రెండో ప్రయాణం లేదు. బతికి బట్టకట్టే కొన్నిటికి ఆ పొద ఇంకా విలువైనది. రెండు విధాలా పొద ఉండాలి. ఎంత ఉండాలన్నది మాత్రం జవాబును బట్టి మారుతుంది.

అమెరికన్ కెస్ట్రెల్ అనే చిన్న డేగది ఇంకో ముడి. అది తూర్పు తీరపు లెక్కల్లో ఏళ్ళుగా తగ్గుతోంది. షార్ప్‌షిన్డ్ లాగా ఉత్తరాన ఆగిపోతోందన్న జవాబు ఒక్కటే దీనికి సరిపోవడం లేదు. పచ్చిక బయళ్ళు పోవడమా, విషాలా, పెద్ద డేగలా అన్న దానిపై వాదం నడుస్తోంది.

అన్నిటికంటే మొండి ముడి మంచె మీదే ఉంది. వాయవ్యపు గాలిలో మొన కొస దాకా వచ్చిన నిలువు చారల డేగ, నీళ్ళు చూసి, ఒక చుట్టు తిరిగి, అఖాతం ఒడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతుంది. మర్నాడు గాలి తగ్గాక ఇంకో నిలువు చారల డేగ వచ్చి దక్షిణానికి దాటుతుంది. పుస్తకంలో అవి రెండు. ఆకాశంలో అవి ఎన్ని?